డబ్బుతో గెలిచే ఆటల సంగతి ఎవరు రాస్తారు?

తెలుగు దినపత్రికల, వారపత్రికల సంపాదకులకు,



శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళకల్లా కొత్త సినిమా జాతకం మీరు చెప్పేస్తారు. ఫస్టాఫ్ సాగదీశాడనీ, పాటలు అతకలేదనీ, రెండో హీరోయిన్‌ని ఎందుకు పెట్టారో దర్శకుడికే తెలియాలనీ రాసి, అయిదుకి రెండుంపావు వేస్తారు. టికెట్టు కొనే ముందు జనం అది చదువుకుంటారు. మంచి పనే. టికెట్టే లేకుండా పిల్లల ఫోన్లలోకి వచ్చి కూర్చునే ఆటలను కూడా ఎవరైనా ఇట్లాగే ఆడి చూసి, బాగోగులు తేల్చి, మీ పేజీల్లో తెలుగులో రాయాలని అడగడానికే ఈ ఉత్తరం.

నేను వెస్ట్ మారేడ్‌పల్లిలో లెక్కల ట్యూషన్ చెబుతాను. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా. మహేంద్ర హిల్స్ అపార్ట్‌మెంట్ల పిల్లలు వస్తారు, పికెట్ నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లున్నారు, కంటోన్మెంటు క్వార్టర్ల వాళ్లు కొందరు. ఇళ్లలో ఒకరిది తెలుగు, ఒకరిది తమిళం, ఒకరిది ఉర్దూ. ఫోన్ తెరిచాక మాత్రం అందరిదీ ఒకటే ఊరు. స్కూలు బస్సు దిగడానికీ ట్యూషన్ మొదలవడానికీ మధ్య దొరికే పావుగంటలో పది నిమిషాల ఆట ఒకటి సరిగ్గా ఇమిడిపోతుంది. దాన్ని తయారు చేసినవాళ్లు ఆ పది నిమిషాలు ఊరికే పెట్టలేదు. పెద్దవాళ్లు ఆడే ఇదే తరహా ఆటలు అరగంట, ముప్పావుగంట తింటాయి. పిల్లల తీరికకు కొలిచి దీన్ని కత్తిరించారు.

ఆట పేరు పోకెమాన్ యునైట్. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. ఒక్కొక్కరూ ఒక్కో పోకెమాన్‌ని ఎంచుకుని మైదానంలోకి దిగుతారు. దారిలో ఎదురయ్యే అడవి పోకెమాన్లను ఓడిస్తే శక్తి గోళాలు దొరుకుతాయి. వాటిని మోసుకెళ్లి ఎదుటి పక్షం గోల్‌లో వేయాలి. కబడ్డీలో కూతకు వెళ్లినవాడిలా, లోపలికి వెళ్లడం కంటే తిరిగి రావడమే కష్టం. దెబ్బ తిని పడిపోతే మోస్తున్న గోళాలు నేలపాలవుతాయి. గంట కొట్టేసరికి ఎవరి లెక్క ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టు. ఆడటం ఉచితం.

ఆ ఉచితం సంగతి నాకు పిల్లల గొడవలోనే తెలిసింది. "సార్, వాని ఐటెం థర్టీ లెవెల్ సార్, నాది ఆరు. నేనెంత మంచిగ ఆడినా వాడే కొడ్తడు" అని ఒకడు. "మరి వాడెట్ల తెచ్చుకున్నడ్రా?" అంటే, "పైసలు పెట్టిండు సార్, ఇంకెట్ల!" అని అందరూ. నింద పడినవాడు ఖండించాడు. మూడు నెలలు ఆడి సంపాదించానన్నాడు. వీళ్లలో ఎవరి మాట నిజమో తేల్చుకుందామని చూస్తే తెలుగులో ఒక్క వాక్యం దొరకలేదు. ఇంగ్లిషులో, జపనీస్‌లో గ్రంథాలున్నాయి. అక్కడ ఈ తగువు 2021లోనే నడిచి, తీర్పులు కూడా వచ్చేశాయి.

మీ పేజీల్లో ఆటల వార్తలు లేవని నేననను. మూడు రకాలుగా వస్తాయి. ఫోనుకి బానిసై ఒక పిల్లవాడు ఏదో చేసుకున్నాడన్నది మొదటి రకం. అది మొదటి పేజీకో జిల్లా పేజీకో వెళుతుంది. గేమింగ్ రంగంలో మన రాష్ట్రం ఎంత ఎదిగిందో, రాయదుర్గంలో కట్టే ఇమేజ్ టవర్‌లో ఎన్ని కంపెనీలు కూర్చోవచ్చో చెప్పేది రెండో రకం. అది బిజినెస్ పేజీ సరుకు. వేసవి సెలవుల్లో ఆడదగిన ఆటలు అంటూ కంపెనీ పంపిన బొమ్మలతో నింపేది మూడోది. ఒకటి భయపెడుతుంది, ఒకటి గర్వపెడుతుంది, మూడోది అమ్మిపెడుతుంది. ఆటలోకి దిగి, అది న్యాయంగా ఉందా, పిల్లవాడి కాలానికి తగ్గ ఆనందం ఇస్తోందా, ఇచ్చినట్టే ఇచ్చి జేబులో చెయ్యి పెడుతోందా అని చూసేది మాత్రం లేదు.

యునైట్ కథ తిరగేస్తే విమర్శ అన్నది ఏం చేయగలదో, ఏం చేయలేదో రెండూ కనబడతాయి. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

ఈ ఆటను 2020 జూన్ 24న ప్రకటించారు. చైనా కంపెనీ టెన్సెంట్‌కి చెందిన టిమి స్టూడియో దీన్ని తయారు చేసింది. వారం ముందు నుంచీ ఏదో పెద్ద కబురుందని ఊరించి, తీరా ఫోన్‌లో ఆడే ఉచిత ఆట అని చెప్పేసరికి అభిమానులు మండిపడ్డారు. ప్రకటన వీడియోకి వచ్చినన్ని డిస్‌లైకులు పోకెమాన్ అధికారిక ఛానెల్‌లో అప్పటిదాకా మరే వీడియోకీ రాలేదు. నీళ్లు నిప్పుని ఆర్పుతాయి, నిప్పు గడ్డిని కాలుస్తుంది అన్న జాతుల లెక్కే పోకెమాన్ ఆటలకు ప్రాణం. ఆ లెక్క ఇందులో లేదు. కోపానికి అదొక కారణం. (మనకు ఆ నెల వేరే రకంగా గుర్తు. జూన్ 15న గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు అమరుడయ్యారు. 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. సెప్టెంబరు 2న పబ్‌జీ కూడా వెళ్లిపోయింది. ఆ రోజుల్లో మా కంటోన్మెంటు పిల్లల ముందు టెన్సెంట్ పేరెత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు.)

2021 జూలై 21న ఆట నింటెండో స్విచ్‌లో విడుదలైంది. ఫోన్లకు సెప్టెంబరు 22న వచ్చింది. ఆడకముందు తిట్టినవాళ్లే ఆడాక మెత్తబడ్డారు. పది నిమిషాల్లో తేలిపోవడం, ఈ తరహా ఆటలు ఎన్నడూ ఆడనివాడికి కూడా చప్పున పట్టుబడటం, బొమ్మల ముచ్చట, అన్నీ సమీక్షకులు మెచ్చుకున్నారు. అయినా స్విచ్ సమీక్షల సగటు వందకి 70 దరిదాపుల్లోనే ఆగిపోయింది. మిగతా 30 మార్కులు ఎక్కడ పోయాయో చూస్తే మా ట్యూషన్‌లో జరిగిన తగువే కనబడుతుంది.

ప్రతి పోకెమానూ మూడు వస్తువులు వెంట పెట్టుకోవచ్చు. వాటికి స్థాయిలుంటాయి, మొదట్లో గరిష్ఠం 30. ఉదాహరణకి మజిల్ బ్యాండ్ అనే వస్తువు విడుదలప్పుడు ఎట్లా ఉండేదో చెబుతాను. మొదటి స్థాయిలో అది మీ ప్రతి మామూలు దెబ్బకీ ఎదుటివాడికి మిగిలిన ప్రాణంలో 1 శాతం అదనంగా కోసేది. పదో స్థాయికి 2 శాతం, ఇరవయ్యో స్థాయికి 3 శాతం. ఆపైన ముప్ఫై దాకా దెబ్బ బలమూ వేగమూ పెరుగుతూ పోయేవి. ఒకటీ మూడూ చిన్న అంకెల్లా కనిపిస్తాయి. సెకనుకో దెబ్బ చొప్పున పది దెబ్బల పోరులో ఈ తేడా ఎక్కడికి తేలుతుందో నా తొమ్మిదో తరగతి పిల్లలు చక్రవడ్డీ పాఠం చదివాక వాళ్లంతట వాళ్లే లెక్క కట్టారు. పుస్తకంలో బ్యాంకు డిపాజిట్ల లెక్కలకి ఎన్నడూ అంత ఉత్సాహం చూపలేదు. స్థాయి పెంచడానికి ఎన్‌హాన్సర్లు కావాలి. అవి ఆడుతూ పోతే కొద్దికొద్దిగా దొరుకుతాయి. తొందరున్నవాడి డబ్బు దారి తిరిగి వాటి దగ్గరికే చేరుతుంది. ఇద్దరూ సమాన నేర్పరులైతే డబ్బు పెట్టినవాడిదే పైచేయి అని సమీక్షకులు దాదాపు ముక్తకంఠంతో అన్నారు.

రెండో ఫిర్యాదు నాణేల గందరగోళం. నాణేలు వేరు, టికెట్లు వేరు, డబ్బిచ్చి కొనే జెమ్స్ వేరు. కొత్త పోకెమాన్‌తో ఆడాలంటే దాని లైసెన్సు కొనాలి. విడుదలప్పుడు ఖరీదైన లైసెన్సు 10,000 నాణేలు. ఆడి సంపాదించే నాణేలకి వారానికి 2,100 అని హద్దు పెట్టారు. భాగిస్తే దాదాపు అయిదు వారాలు, అదీ ప్రతి వారం హద్దు ముట్టేదాకా ఆడితేనే. మధ్యలో ఏవో పండుగ బహుమతులు పడతాయి, కొత్తగా చేరినవాడికి కొన్ని ఊరికే ఇస్తారు, నిజమే. కానీ ఆ హద్దు ఎందుకుందో అర్థం కావడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు. జెమ్స్‌కి మాత్రం హద్దు లేదు.

మూడోది జాప్డోస్. చివరి రెండు నిమిషాల్లో మైదానం మధ్య కూర్చున్న ఆ పక్షిని ఎవరు కూల్చితే వాళ్లవైపే ఆట ఒరిగిపోయేది. ఆ రెండు నిమిషాలూ పాయింట్లు రెట్టింపు కూడా. ఎనిమిది నిమిషాలు చెమటోడ్చిన జట్టు తొమ్మిదో నిమిషంలో బికారి అయ్యేది. ఏడాది గడిచింది. 2022 సెప్టెంబరులో కొత్త మైదానం వచ్చింది. జాప్డోస్ పోయి రేక్వాజా వచ్చింది. చివరి నిమిషాల జాతకం మాత్రం పోలేదు. ఉత్కంఠ కావాలంటారు తయారీదారులు. ఇక్కడ నేను సగం వాళ్ల పక్షమే. ఓడిపోతున్నవాడికి చివరిదాకా ఆశ ఉండాలి, లేకపోతే మధ్యలోనే లేచి వెళ్లిపోతాడు. తగువు ఆ ఆశ మోతాదు గురించే.

ఇంత చెప్పినా 2021 చివరికి గూగుల్ ప్లే తన అమెరికా జాబితాలో యునైట్‌నే ఏడాది మేటి ఆటగా ప్రకటించింది. మన దేశపు జాబితాలో ఆ గౌరవం బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాకి దక్కింది. ద గేమ్ అవార్డ్స్‌లో మేటి మొబైల్ ఆటల నామినేషన్లలోనూ యునైట్ నిలిచింది. దుకాణం యజమాని తన దుకాణంలో బాగా అమ్ముడయ్యే సరుక్కి పతకం వేయడంలో వింత లేదు. కానీ మా వీధిలో తల్లిదండ్రులకు చేరింది ఆ పతకం ఒక్కటే. పతకం కనబడుతుంది. పతకానికి అడ్డుపడిన మాటలు కనబడవు.

అయితే ఇంగ్లిషు సమీక్షలనే తెచ్చి అచ్చు వేసుకుంటే సరిపోతుందా? సరిపోదనే నా అభిప్రాయం. అవి రాసింది 2021 జూలైలో, స్విచ్ మీద ఆడి. మన దగ్గర స్విచ్ ఎన్ని ఇళ్లలో ఉంది? అధికారికంగా అమ్మని పరికరం అది. ఇక్కడ ఆడేది పన్నెండు వేల ఫోన్‌లో, నాన్నగారి డేటా మీద, ట్యూషన్ గేటు దగ్గర నిలబడి. రెండోది, ఉచిత ఆటకి అచ్చు ప్రతి అంటూ ఉండదు. సినిమా విడుదలయ్యాక మారదు. మారినా రెండో వారంలో ఒక పాట తీసేస్తారు, అంతే. ఇది నెలనెలా మారుతుంది. సమీక్ష రాసిన రెండు వారాలకే, ఆగస్టు 4న, గెంగార్ అనే పోకెమాన్ పంజా కత్తిరించారు. 2023లో రెండో వార్షికోత్సవానికి మ్యూటూ దిగేసరికి కొన్నాళ్లు దాన్ని ఆపగలిగిన వారు లేకపోయారు. కొత్త సరుకుని బలంగా దింపడం, కొనేవాళ్లు కొన్నాక బలం తగ్గించడం అలవాటైపోయిందని ఆటగాళ్ల సణుగుడు. ఆ సణుగుడులో నిజమెంతో పరీక్షించాల్సిన సమీక్షకులు అప్పటికి వేరే ఆటల మీదికి వెళ్లిపోయారు. ఆ 70 మార్కులు మాత్రం రాతిలో చెక్కినట్టు అలాగే ఉన్నాయి, అవి కొలిచిన ఆట ఇప్పుడు లేకపోయినా.

చట్టం ఉంది కదా అంటారేమో. ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా. 2025 ఆగస్టులో పార్లమెంటు రెండు రోజుల్లో బిల్లు ఆమోదించి, 22న రాష్ట్రపతి సంతకంతో, డబ్బు పందెం ఆటలన్నిటినీ దేశమంతా మూయించింది. ఈ-స్పోర్ట్స్‌కి గుర్తింపు కూడా అందులోనే ఇచ్చింది. రమ్మీకి ఇల్లు గుల్ల చేసుకున్న వాళ్లను మా చుట్టుపక్కలే చూశాను కాబట్టి ఆ చట్టాన్ని తప్పు పట్టను. కానీ అది పట్టుకునేది డబ్బు గెలిచే ఆటలను. డబ్బుతో గెలిచే ఆటలు దాని చూపుకి ఆనవు. యునైట్‌లో పిల్లవాడు రూపాయి కూడా గెలవడు, పందెం కాయడు, కొంటాడంతే. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో లేని తొందర పుట్టించడం, చందాలో ఇరికించి బయటికి దారి దాచడం వంటి 13 మాయలను పేరుపేరునా నిషేధించారు. ఇంకో గంటలో ఆఫర్ పోతుందని గడియారం తిప్పే ప్రతి ఆట దుకాణాన్నీ ఆ జాబితా పక్కన పెట్టి చూడాలి. ఆ పని అధికారులు తమంతట తాము చేస్తారన్న నమ్మకం నాకు లేదు. విలేకరి చేయగలడు.

చేస్తే ఏమవుతుందో జపాన్‌లో చూశాం. అక్కడ ఫోన్ ఆటల్లో చీట్లు తీసి బొమ్మల సెట్టు మొత్తం పూర్తి చేస్తే పెద్ద బహుమతి ఇచ్చే పద్ధతి ఉండేది. పిల్లలు వేలకు వేలు తగలేసేవారు. దాన్ని ప్రభుత్వం నిషేధించబోతోందని 2012 మే మొదటి వారంలో యోమియురి దినపత్రిక రాసింది. సోమవారం మార్కెట్ తెరిచేసరికి గ్రీ, డీఎన్ఏ కంపెనీల షేర్లు కుప్పకూలాయి. ఆ నెలలోనే కంపెనీలు ఆ పద్ధతి మానుకుంటామన్నాయి. రాసింది ఆటల పత్రిక కాదు, మీలాంటి దినపత్రికే. ఆటల పత్రికల సంగతి వేరే ఉంది. 1986లో మొదలైన ఫామిట్సులో ఒక ఆటకి నలుగురు సమీక్షకులు తలా పది మార్కులు వేస్తారు. 1998లో జెల్డా ఆట ఒకటి వచ్చేదాకా నలభైకి నలభై ఎవరికీ పడలేదు. పన్నెండేళ్లు మార్కుల విషయంలో అంత పిసినారులుగా ఉండటానికి కూడా ఒక సంప్రదాయం కావాలి. అమెరికాలో 2017 నవంబరులో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 విడుదలకి కొన్ని గంటల ముందు ఈఏ కంపెనీ ఆటలోని అమ్మకాలను ఆపేయవలసి వచ్చింది. ఆటగాళ్ల తిట్లూ సమీక్షకుల రాతలూ కలిసి చేసిన పని అది.

మనకు అలాంటి సంప్రదాయం లేదనకండి. సినిమా పిల్లల్ని పాడు చేస్తుందని పెద్దలు గగ్గోలు పెడుతున్న రోజుల్లోనే కొడవటిగంటి కుటుంబరావు సినిమా మీద కూర్చుని ఆలోచించి వ్యాసాలు రాశారు. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రిక వారపత్రికలో సినిమాలను చీల్చి చెండాడుతూ నవ్వించారు. సినిమా మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న దగ్గర వాళ్లు ఆగిపోలేదు. ఈ సినిమా ఎట్లా ఉంది అని అడిగారు. నేను అడిగేది అదే ప్రశ్న, ఆటల విషయంలో.

మన సొంత ఇంటి ఉదాహరణే ఒకటి ఉంది. 2017లో బాహుబలి రెండో భాగం వచ్చినప్పుడు, బెంగళూరు కంపెనీ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ బాహుబలి ఆటను కూడా విడుదల చేసింది. అదీ ఉచితమే, అందులోనూ కొనుగోళ్లున్నాయి. సినిమాలో ప్రతి కత్తి దెబ్బ మీదా మీరు కాలమ్‌లకు కాలమ్‌లు రాశారు. కట్టప్ప ఎందుకు చంపాడన్న దాని మీద ఎంత సిరా ఖర్చయిందో మీకే తెలుసు. అదే మాహిష్మతిని పిల్లలు ఫోన్లలో కట్టుకుంటూ, కోటగోడ లేవడానికి గంటలు గంటలు ఎదురుచూస్తూ, తొందరకి డబ్బు చెల్లిస్తూ ఉన్న సంగతి మీద తెలుగులో ఒక్క సమీక్ష నా కంట పడలేదు.

మీ అభ్యంతరాలు కొన్ని ఊహించగలను. పిల్లలు పత్రికలు చదవరంటారు. చదవరు, నిజమే. వాళ్ల ఫోన్‌లో యూపీఐ పిన్ కొట్టే అమ్మానాన్నలు చదువుతారు. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో పోకెమాన్ మొదలైనప్పుడు నా దగ్గర బీజగణితం నేర్చుకున్నవాళ్లే ఇప్పుడు ఆ తల్లిదండ్రులు. పికాచూ ఎవరో వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. పికాచూ దుకాణం పెట్టిన సంగతి ఎవరైనా చెప్పాలి.

సమీక్ష రాస్తే ఆటను ప్రోత్సహించినట్టు కాదా అని ఇంకొందరు అంటారు. మీరు రాసినా రాయకపోయినా ఆడుతూనే ఉన్నారు. భారత జట్లు యునైట్ ప్రపంచ పోటీల దాకా వెళ్తున్నాయి. 2024లో హోనలులూలో ఆడి వచ్చాయి. మన హైటెక్స్‌లో డ్రీమ్‌హ్యాక్ పేరిట వేల మంది చేరి మూడేసి రోజులు ఆడారు. 2016లో పోకెమాన్ గో వచ్చినప్పుడు మీరు చేసినదేమిటో కూడా గుర్తు చేస్తాను. రోడ్ల మీద ఫోన్లు పట్టుకుని తిరిగే పిల్లల ఫొటోలు వేశారు, గుళ్లలో ఆటలోని గుడ్లు కనబడుతున్నాయని గుజరాత్ హైకోర్టులో ఎవరో వేసిన పిటిషన్ వార్త వేశారు. డిసెంబరులో జియోతో కలిసి ఆట అధికారికంగా మన దేశానికి వచ్చేసరికి మీకు ఆసక్తి పోయింది. ఆట ఎలా ఉందో ఆ అయిదారు నెలల్లో ఎవరూ చెప్పలేదు.

యూట్యూబ్‌లో తెలుగు కుర్రాళ్లు ఆటల వీడియోలు చేస్తున్నారు కదా అనేది మూడో మాట. చేస్తున్నారు, బ్రహ్మాండమైన తెలుగులో, నల్గొండ యాసలో, గోదావరి యాసలో. మా పిల్లల నోట సగం మాటలు వాళ్లవే. వాళ్ల చమత్కారం ముందు మన కాలమ్ రచయితలు దిగదుడుపే. కానీ ఆడి చూపించేవాడి బతుకు ఆట నడిచినంత కాలమే నడుస్తుంది. కంపెనీ ఇచ్చిన జెమ్స్‌తో కొత్త పోకెమాన్‌ని తెరిచి కేరింతలు కొట్టేవాడు, ఇది కొనకండ్రా అని చెప్పడం కష్టం. చెప్పేవాళ్లు ఒకరిద్దరున్నారు. వాళ్లకు దండం పెట్టి, మొదటి కాలమ్ వాళ్ల చేతే రాయించండి. రాసేవాళ్లు దొరకరన్న మాట మాత్రం హైదరాబాదులో చెల్లదు. ఆటలు పరీక్షించే ఉద్యోగాల్లో ఎంతోమంది ఉన్నారు. మా ఈస్ట్ మారేడ్‌పల్లి పాలిటెక్నిక్ గేటు ముందు టీ బండి దగ్గర పది నిమిషాలు నిలబడండి, ఏ అప్‌డేట్‌లో ఎవరి బలం ఎంత తగ్గిందో తారీఖులతో సహా వింటారు.

ఇక తొందరెందుకంటే, పోకెమాన్ ఇంటి నుంచే ఇంకో ఉచిత ఆటను 2025 ఫిబ్రవరి 27న ప్రకటించారు. పేరు పోకెమాన్ ఛాంపియన్స్, స్విచ్‌కీ ఫోన్లకీ. అడవుల్లో తిరగడం, కథ, ఊళ్లు ఏవీ ఉండవు, పోరు ఒక్కటే. యునైట్‌లో లేదని అభిమానులు ఏడ్చిన నిప్పూ నీళ్లూ గడ్డీ లెక్క ఇందులో ఉంది. 2026 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రపంచ పోటీల్లో వీడియో గేమ్ విభాగం దీని మీదేనన్నారు. ఇది నేర్పుకి పట్టం కట్టే ఆట కావచ్చు. లేదా జట్టులో ఒక్కో పోకెమాన్‌ని సాన పట్టడానికి ఒక్కో ధర పెట్టిన అంగడి కావచ్చు. ఆడకుండా నేనేమీ అనను. కానీ ఈసారి మా పిల్లల తగువు తీర్చే తెలుగు వాక్యం ఒకటైనా ఉండాలని నా కోరిక.

సమీక్షకుడికి నా లెక్కల బుద్ధితో కొన్ని షరతులు పెడతాను, క్షమించండి. అమెరికా డాలర్లలో కాక రూపాయల్లో రాయమనండి. పైసా పెట్టకుండా నెల ఆడితే ఎక్కడికి చేరాడో, అయిదొందలు పెట్టినవాడు ఎక్కడికి చేరాడో పక్కపక్కన చూపించమనండి. ఆ అయిదొందలు పత్రికే ఇవ్వాలి, కంపెనీ పంపిన బహుమతి జెమ్స్ ముట్టుకోకూడదు. ఖరీదైన ఫోన్ మీద ఆడి రాస్తే ఒప్పుకోకండి. మూడు నెలల తర్వాత అదే మనిషి అదే ఆటకి తిరిగి వెళ్లి, వేసిన మార్కులు మార్చాల్సి వస్తే మార్చాలి. నక్షత్రాలు వేస్తారో, మార్కులు వేస్తారో, మొదటి రోజున ఏమీ వేయకుండా ఊరుకుంటారో మీ ఇష్టం. నా ఓటు ఊరుకోవడానికే. స్థలం పెద్దగా అక్కర్లేదు. ఆదివారం అనుబంధంలో అరపేజీ చాలు. రాశిఫలాల పక్కన వేసినా నాకు అభ్యంతరం లేదు, ఆ పేజీ అయితే మా వీధిలో అందరూ చదువుతారు.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు,
వెస్ట్ మారేడ్‌పల్లి, సికింద్రాబాద్